మూడో గ్లాసు

బంజారాహిల్స్ హోటల్ల, ఏసీ చలిల
ప్రొవెన్స్ ఎండను గ్లాసుల తిప్పి చూపిచ్చింది పెరీన్ మేడమ్.
"మింగొద్దు. పుక్కిలించి ఉమ్మెయ్. ఏం తెల్సింది?"

సముద్రం నేనెన్నడూ చూడలే.
నాలుక మీద మాత్రం
ఉప్పుగాలి, పుచ్చకాయ తొక్క దగ్గరి తెలుపు,
వాన పడ్డ సున్నపురాయి.

"ఎవరు నేర్పిన్రు నీకు?"

ముషీరాబాద్ కల్లు కాంపౌండ్ల మా నాయిన
మోకు రాపిడికి కాయలు కాసిన చేతుల్తోని
లొట్టి వంచి, ఒక్క గుక్కకే చెప్పేటోడు:
ఇది పోతుతాడు, ఇది పరుపుతాడు,
ఇది చెరువుకట్ట మీది చెట్టుది,
గీసినోడు కొత్తోడు.

పుస్తకంల చదివిన మేడమ్
అని బొంకిన.

ఉమ్మితొట్టి నా దిక్కు జరిపింది.
మూడో గ్లాసు
ఉమ్మలే.