వాసన లేని సీసా

కోట వీధి మందుల షాపులో
గవర్రాజు గారు అద్దాల బల్ల మీద ఆరు సీసాలు నిలబెట్టారు.
ఆరింటి మీదా నవ్వే బిడ్డలే.
ఒక్కరి బుగ్గ మీదా దద్దురు లేదు.

వెనక్కి తిప్పితే చీమల బారు లాంటి అక్షరాలు.
పోర్టులో టాలీ గుమాస్తాని నేను,
ఓడ కడుపులో ఎన్ని టన్నులో రాత్రి దీపాల కింద లెక్కగట్టేవాణ్ణి.
ఈ చీమల్ని మాత్రం
ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కున్నాను.
ముందువైపు పెద్దక్షరాల్లో ‘సహజం’.
వెనకవైపు ఆ సహజానికి ఇన్ని మారుపేర్లెందుకో!

సన్నిధికి నాలుగో నెల.
మెడ మడతలో, మోచేతి వంపులో
లేత చింతచిగురు ఎరుపు, ముట్టుకుంటే వేడి.
మా కిటికీ చువ్వ పొద్దున్న తుడిస్తే
సాయంత్రానికి బొగ్గు నలుసు.
మా పేటలో తెల్ల చొక్కా ఒక పూట మించి తెల్లగా ఉండదు.
గాలిని మార్చలేను.
సబ్బు మార్చగలను.

అమ్మ ఒప్పుకోలేదు.
“ఏటి సబ్బులు? నీకు నానేటి రాసినాను?
పెసరపిండి, కస్తూరి పసుపు, బావంచాలు.
నీ ఒళ్లు సూడు, రాయిలా నేదా?”
పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చి, ఆరబోసి, మరపట్టించి,
పల్చటి పంచెలో జల్లించి,
కాళ్లు చాపుకుని పాపని బోర్లా వేసుకుని నలిచింది.
ఆ రాత్రి ఏడుపు
ఔటర్ హార్బర్‌లో లంగరేసిన ఓడలకీ వినపడే ఉంటుంది.
తెల్లారి అమ్మ పసుపు డబ్బా మూత బిగించి
తనే అటకెక్కించింది.
ఎవరం ఏమీ అనలేదు.
కాయ కాసినదల్లా మెత్తనిదైతే
దూలగొండిని ఎవరు కాదంటారు?

కేజీహెచ్‌లో డాక్టరమ్మ
పాప చేతిని వెలుతురుకి తిప్పి చూసి
చీటీ మీద రెండే ముక్కలు రాసింది.
తక్కువ రాయండి. వాసన లేనిది రాయండి.
ఒళ్లంతా పూసే ముందు చిటికెడు చోట పూసి
ఒక రోజు ఆగమంది.

ముందు నా ముంజేతి మీద నేనే చూసుకున్నాను.
ఏమీ కాలేదు.
నూకరత్నం నవ్వింది:
“నీ తోలు సాక్ష్యం చెల్లదు.
ఇనపరాయి దొర్లినా ఉలకదది.”
తను మోచేతి లోపల, నీలి నరం పక్కన, రాసుకుంది.
మర్నాడు పాపకి. చీమ తలంత.
మూడో నంబరు హెచ్చరిక ఎగరేసిన రోజు
సముద్రాన్ని చూసినట్టు
ఇద్దరం ఆ చీమ తలంత చోటునే చూస్తూ కూచున్నాం.

మూడు సీసాలు ఓడిపోయాయి.
(ఓడిన పౌడరు పక్కింటి కుర్రాళ్ల క్యారమ్ బల్లకి పోయింది.)
నాలుగోది అన్నిటికన్నా దిగులు మొహంది.
బొమ్మ లేదు, పువ్వు లేదు,
మూత తీస్తే చెప్పుకోడానికి ఏమీ లేదు.
దాన్ని ఒప్పుకుంది ఒళ్లు.

వారానికి దద్దురు పోలేదు, పల్చబడింది.
ఆ సాయంత్రమే నూకరత్నం
పాప మాడు మీద ముక్కు ఆనించి
“ఇలా రా” అంది, గుసగుసగా.
గులాబీలూ బాదంనూనెలూ వెళ్లిపోయాక
అక్కడ మిగిలింది
కాగిన పాల అంచు, నానిన పత్తి,
ఇంకేదో, దానికి పేరు పెట్టలేను.
నాలుగు నెలలు పూతల వెనక దాచేశాం
ఈ పిల్లని.

దాని ఒంటికి తగిలేవాటిలో
అన్నిటికన్నా గరుకు ఏదో
ఏ సీసా వెనకా రాసి లేదు.
ఇప్పుడు డ్యూటీ దిగాక కుళాయి దగ్గర
వేళ్ల సందులు తోముకుని ఆ దిగులు సీసాలోంచే
ఒక్క చుక్క అరచేతుల్లో నలుపుకుంటాను.
“పెళ్లికొడుకా! పందిరెక్కడేసినారు?” అంటాడు
జెట్టీ మీద అప్పలకొండ.

నిన్న వీపు కింద చెయ్యి దూర్చి ఎత్తితే
సన్నిధి ఉలిక్కిపడలేదు.
కిటికీ చువ్వ మాత్రం
మళ్లీ తుడవాలి.