కుదురు

చిక్కపేట ఆదివారం సంతలో
నేలమీద పరిచిన గోనెపట్టా.
చెవి పోయిన తాళాలు, ఒంటి చెప్పు,
వాటి మధ్య బోర్లా పడి ఉంది గడ్డం బ్రష్.
బొత్తిగా బట్టతల. మిగిలిన నాలుగు వెంట్రుకలూ
ఎండిన నురగతో అట్టకట్టి ఉన్నాయి.
"యాభై" అన్నాడు నయాజ్.
"ముప్పై" అన్నాను.
"పిడి చూడన్నా, ఇప్పటి సరుకా అది?"
చూశాను. యాభై ఇచ్చాను.

నాది పళ్లు కట్టే పని.
హలసూరులో మెట్లకింద గది, రెండు బల్లలు,
ఒక చిన్న మోటారు, గోడకి పళ్ల రంగుల పట్టీ.
పట్టీ పక్కన పిడిని పెట్టి చూశాను.
ఏ-మూడున్నర.
బీడీ మానని వాళ్లకి, కాఫీ మానని వాళ్లకి
నేను వేసే రంగు.
ఇదీ పుట్టినప్పుడు తెల్లగానే ఉండి ఉంటుంది.

వెంట్రుకలు కోసేశాక అడుగున
తేనెరంగు జిగురు, రాయిలా.
వేడి తగిలితే పిడి పగులుతుంది.
మోటారుకి గుండ్రటి బర్ తొడిగాను.
చౌడప్ప మేస్త్రి అనేవాడు, మాలూరు మాటలో:
"పీకేదానికి బలమెందుకప్పా,
దారి ఇయ్యి, అదే వస్తాది."
దారి ఇచ్చాను. నడిమి నుంచి అంచుకి,
గోరు మందాన, గోరు మందాన.
పొడి లేచింది. గదంతా
కాలిన కొమ్ము, తడిసిన కుక్క, ఎప్పటిదో సబ్బు.
ఎవరిదో ఒక పొద్దు
ఇన్నేళ్లూ అడుగున దాక్కుని
నా ముక్కులోకి వచ్చింది.
తుమ్మాను.

గుడ్డతో తుడుస్తుంటే తెలిసింది,
పిడి నడుం దగ్గర ఏటవాలుగా మూడు గుంటలు.
వేళ్లు తొలిచినవి.
నా వేళ్లు పెట్టాను. పట్టలేదు.
తిప్పి పెట్టాను. పట్టలేదు.
ఎడమచేతిలోకి తీసుకున్నాను.
ఎవరూ రమ్మనకుండానే
వేళ్లు వెళ్లి కూర్చున్నాయి.

ఎడంచేతి వాటం మనిషి.
పేరు తెలీదు.
నా బల్లమీద పేర్లన్నీ రాసే ఉంటాయి:
ఫ్రాన్సిస్, పైదవడ. రుద్రమ్మ, ఎడమవైపు రెండు.
వాళ్ల ముఖాలు నేను చూడను, నోళ్లు తెలుసు.
ఇతనివి వేళ్లు తెలిశాయి.

సానకాగితం పడితే గుంటలు పోతాయి,
పిడి అద్దంలా మెరుస్తుంది,
నయాజే నాలుగొందలకి అమ్ముతాడు.
కాగితం తీశాను కూడా.
మళ్లీ సొరుగులో పెట్టేశాను.

కొత్త కుచ్చు పోస్టులో వచ్చింది.
పంది వెంట్రుకలు, ఇరవై నాలుగు మిల్లీమీటర్లు,
అడుగు నలుపు, కొస తెలుపు.
లోతుకి దిగితే బిర్రుగా బిగుసుకుంటుంది,
పైకి తేలితే తాగినవాడిలా తలాడిస్తుంది.
అడుగున పాత పదిపైసల స్టీలు బిళ్ల వేస్తే
ఎత్తు సరిపోయింది.

మా అమ్మ
కుండ కింద పెట్టే గడ్డిచుట్టని కుదురు అనేది.
మిరపనారుకి తవ్వే గుంతనీ కుదురే అనేది.
నాలో లేనిది కూడా అదేననేది.

రెండు ట్యూబుల జిగురు, చెరి సగం,
అగ్గిపుల్లతో కలిపి పోశాను.
కుచ్చు నిలబెట్టాను.
రాత్రంతా ముట్టుకోకూడదు.
రెండుసార్లు లేచి లైటు వేసి చూశాను,
ముట్టుకోలేదు.

సోమవారం. కావేరి నీళ్లు వచ్చే రోజు కాదు.
చెంబుడు నీళ్లు, కొత్త సబ్బు, పాత పిడి.
ఎడమచేత్తో మొదలుపెట్టాను.
నురగ చెవిలోకి పోయింది, ముక్కు మీదికి పోయింది,
పోవాల్సిన చోటికి ఆఖర్న పోయింది.
అద్దంలో ఉన్నవాడు మాత్రం
కుడిచేత్తో పూసుకుంటున్నాడు.
అతనికీ రోజూ ఇలాగే కనబడి ఉంటుంది,
లోకమంతా ఏ చేత్తో చేస్తుందో ఆ చేత్తోనే
తనూ చేస్తున్నట్టు.

రెండు వెంట్రుకలు రాలి పెదవికి అంటుకున్నాయి.
కొత్త కుచ్చు మొదట్లో రాలుతుంది, అంతే.
కడిగి, విదిలించి, తల కిందుగా వేలాడదీశాను.
రుద్రమ్మ గారి పళ్లు పదింటికల్లా ఇవ్వాలి.