సున్నా

మసేరులో జూన్ చలి.
హన్సార్డు సంపుటాల దుమ్ముకి తుమ్ముతూ
మూడో ఏడూ మాటలే లెక్కపెడుతున్నాను:
ప్రశ్నలు, అడ్డుకేకలు,
కుండలీకరణాల్లో ఇరుక్కున్న నవ్వులు.
ఓస్లోకీ అక్రాకీ సరిపోయిన కొలబద్దే
ఇక్కడా సరిపోతుందన్నారు.

మలూటీ కొండల సభ్యుడు మాత్రం
పదకొండేళ్లకీ సున్నా.
నోట్లో బెల్లంగడ్డ కాబోలు అని
అంచున రాసుకున్నాను,
పట్టికలోంచి కొట్టేయబోతూ.

పాత స్టెనో ఖెతీసా దుప్పటి సర్దుకుని
టీ ఊదుకుంటూ అన్నాడు:
"అవతలి పక్షం లేచినప్పుడల్లా
కుర్చీ అటు తిప్పేవాడమ్మా.
సభాపతి విసుక్కునేవాడు కూడా.
ఆ కిర్రుమనే చప్పుడు
నాకిప్పటికీ చెవిలో ఉంది.
రాయడానికి గుర్తే లేదు, షార్ట్‌హ్యాండులో."

సున్నాను చెరపలేదు.
దాని చుట్టూ మరో సున్నా చుట్టాను,
చెవిలా.

గైడు అడుగుతాడు,
ఏ సూత్రం ప్రకారం అని.