సొట్ట

అడుగంటే అర అంగుళం.
ఈ ఒక్క ముక్కా పలక మీద రాసి
షెడ్డు గోడకు తగిలించాను.
మిగతాదంతా చేతికి తెలుసు.

కావలి ట్రంకు రోడ్డు మీద
నలభై రెండేళ్లు డెంటింగు పని చేసినోణ్ణి.
కంట్లో శుక్లం తీశాక
పెద్ద సుత్తి పట్టొద్దన్నాడు డాక్టరు.
చిన్నదైతే ఫరవాలేదా అన్నాను.
నవ్వాడు.
ఆ నవ్వునే సరేననుకున్నాను.

పెంచలయ్య అంబాసిడరు, మార్క్ టూ,
పదకొండు మందిని కుక్కుకుని
ఉదయగిరి కొండ కనబడిందాకా
ఎక్కడా ఆగకుండా పరిగెత్తిన బండి,
మొన్న ఎండాకాలం కిలోల లెక్కన పోయింది.
తూకం చీటీ జేబులో పెట్టుకుని
తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.
"చిన్నది చెయ్యి జిలానీ. చేతిలో పట్టేది."

చేశాను.
పామాయిలు డబ్బా రేకు కోసి బానెట్టు.
గోళీ మీద పెట్టి తట్టి తట్టి
మడ్‌గార్డుల గుండ్రం తెచ్చాను.
సెలైను సీసాల రబ్బరు మూతలు టైర్లు,
మాత్రల అట్ట మీది బుడగలు హెడ్‌లైట్లు.
ఆ గడుల గ్రిల్లు కోసం ఇంట్లో టీ జల్లెడ కత్తిరిస్తే
మూడు రోజులు నాకు టీ లేదు.
ఆగిపోయిన వాచీలోని వలయం స్టీరింగయింది.
దాని పక్కనే గేరు కడ్డీ,
కొసన ఆవగింజంత లక్క.
సీట్లకు నా పాత పర్సు చించాను,
అందులో ఎట్టాగూ ఏమీ లేదు.

నలుపు, ఐదు పూతలు.
గూడ్సు బండి పోతుంటే బల్ల అదురుతుంది,
ఆఖరి పెట్టె దాటిందాకా
బ్రష్షు గాల్లోనే పట్టుకుని కూచునేవాణ్ణి.
ఐదో పూత ఆరాక
టాపు మీద నా కొత్త కన్ను కనబడింది నాకు.

పెంచలయ్య అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
"బాగుండాది."
అన్న తీరులోనే తెలిసింది, బాగాలేదని.
"నా బండి కాదబ్బా ఇది.
ఎడమ పక్క, ఎనక డోరు.
సొట్ట యాడ?"

"అది నేను తీసేసినా గదయ్యా, మూడుసార్లు.
డబ్బులు గూడా ఇచ్చినావు."

"నువ్వు తీసినావు. బండి తియ్యలా.
రంగు కింద నా వేలికి తగిలేది."

కోపమొచ్చింది.
కోపం దిగాక గుర్తొచ్చింది.
మూడోసారి రేకు పైకి లేవక
పుట్టీ మెత్తి సాపు చేశాను.
ఆ సంగతి నాకూ, ఆ పుట్టీ డబ్బాకూ తప్ప
ఎవరికీ తెలియదనే
ఇరవై ఏళ్లు అనుకుంటూ వచ్చాను.

ఆ సొట్ట ఎట్టా పడిందో ఆయన చెప్పలా.
దుత్తలూరు మలుపో, గేదో, మనిషో,
ఆ రాత్రి బండిలో ఎవరున్నారో
నేనూ అడగలా.

నాలుగంగుళాల సొట్ట.
ఇరవై నాలుగో వంతు వేస్తే
మెంతిగింజంత.
సైకిలు బేరింగు గుండు ఒకటి
డోరు మీద ఆనించి పెట్టాను.

ఇన్నేళ్లూ లోపల్నుంచి బయటికి కొట్టిన చెయ్యి,
బయట్నుంచి లోపలికంటే
ఒప్పుకోదే!
మొదటి దెబ్బ బల్లకు తగిలింది.
రెండోది వేయకుండానే దించేశాను.
మూడోదానికి కళ్లు మూసుకున్నాను,
శుక్లం తీసిందీ, తీయాల్సిందీ.

టిక్.

రంగు వెంట్రుకంత చిట్లింది.
దాన్నట్టాగే ఉంచాను.

మర్నాడు వచ్చినాయన బండి వైపు చూడనైనా లేదు.
బొటనవేలు పెట్టి
ముందు డోరు మీంచి నింపాదిగా జరిపాడు.
సందు దాటింది వేలు.
ఆగింది.
నేను తెప్పించిన టీ మీద మీగడ కట్టింది,
వేలు అక్కడే ఉంది.

చాలాసేపటికి ముక్కు తుడుచుకుని
"డిక్కీ తెరుచుకోదా?" అన్నాడు.

"నీ బండికి ఎప్పుడు తెరుచుకుందని!
సరిగ్గా చూడు,
తాడు గూడా కట్టుండాను."