యాభై ఎనిమిది

డాక్టరు చీటీ మీద ఎనిమిది రౌండ్లు రాశాడు,
మాత్రల కింద, రెండు గీతలు కొట్టి.
విజయనగరం, ఆదివారం సాయంత్రం,
పట్టాల పక్క పార్కు.
మూడో రౌండులో నా కాళ్లు ఆగిపోయాయి.

రెండు బాదం చెట్ల మధ్య
వంకాయ రంగు చీర ఒకటి తెరై వేలాడుతోంది.
అంచు దగ్గర ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ.
దాని వెనక ఎవరో కంగారుగా
"ఒలే, నా మీసం ఏదే?" అంటున్నారు.

ఇంక నడకేటి!

జారుడుబల్ల నిండా పిల్లలు.
చెప్పులు పరిచి చోటు ఆపుకున్న ఆడవాళ్లు.
మరమరాల బండివాడు బేరం మానేసి
తన బండి మీద తనే ఎక్కి కూచున్నాడు.
నేను సిమెంటు ఏనుగు వీపు మీద,
యాభై నాలుగేళ్లవాణ్ణి, సిగ్గు లేకుండా.

రాజుగారు వేంచేశారు.
అట్ట కిరీటం, దానికి బిస్కట్ పొట్లాల వెండికాగితం.
పగలు డిపోలో బస్సు టైర్లు విప్పే గురాన అసిరినాయుడు.
గోళ్లలో గ్రీజు అలాగే ఉంది,
ఆ చేత్తోనే రాజ్యం ఏలుతున్నాడు.
ఊరి చెరువు తాగేశాడట,
ఒక్క గుక్కలో, తూముతో సహా.
పొట్టకి కట్టుకున్న తలగడ
అడుగు వేస్తే ఎడమకి జారుతోంది.
జారినప్పుడల్లా "అలలు, అలలు" అని సర్దుకుంటున్నాడు.
నవ్వలేక నా పక్కనామెకి పొలమారింది.

అప్పుడొచ్చింది బిందె పట్టుకుని పుణ్యవతి.
శుక్రవారం ల్యాబులో నా వేలికి సూది గుచ్చి
"భయమేటి బాబూ" అన్న పిల్లే.
ఇక్కడ ఆ గొంతు వేరు.
"నీ పొట్టలో ఉన్నది నా వాటా రాజా.
ఒక్క బిందె పొయ్యి.
నేను నీ దాహం అడిగానా?"
వెనక వరసలో ఒక ముసలమ్మ లేచి నిలబడింది:
"ఇచ్చీరా! నీ సొమ్మేటి పోయింది!"

రాజు జవాబుకి నోరు తెరిచాడు.
సరిగ్గా అప్పుడే రాయగడ వైపు నుంచి గూడ్సు.

దాని ముందు ఏ రాజు గొంతూ చాలదు.
తెరిచిన నోరు తెరిచినట్టే ఆయన,
చాచిన బిందె చాచినట్టే ఆమె,
మద్దెల మీదికి లేచిన అరచెయ్యి గాల్లోనే.
జారుడుబల్ల మీద పిల్లలు లెక్క ఎత్తుకున్నారు:
ఒకటి, రెండు, మూడు...
ఇరవై దగ్గర మేమూ కలిశాం.
నలభై దగ్గర రాజుగారి కనుగుడ్లు కూడా
పెట్టె తరవాత పెట్టె దొర్లుతున్నాయి.
ఆయన ముక్కు మీద దోమ వాలింది,
తీరిగ్గా కుట్టింది,
అందరం చూశాం. ఆయన కదిలితే ఒట్టు.
యాభై ఏడు.
యాభై ఎనిమిది.
గార్డు పచ్చదీపం ఊపుకుంటూ వెళ్లిపోయాడు.
ఆయనకే కొట్టామో, దోమకే కొట్టామో,
చప్పట్లు.

తరవాత ఏ చప్పుడూ లేదు.
రాజు మాట మరిచిపోయాడు.
తెర వెనక కాగితాలు గబగబా తిరుగుతున్నాయి.
ముసలమ్మే అందించింది, లాలనగా:
"ఇత్తానను నాయనా. ఇంకేటుంటాది?"
అసిరినాయుడు ఇటు చూశాడు, అటు చూశాడు.
"ఇస్తాను," అన్నాడు.
తెర వెనక ఎవరో నెత్తి కొట్టుకున్నారు.

ఇంక ఆపేవాడు లేడు.
తలగడ గలేబులోంచి నీలం గుడ్డ లాగాడు.
ఆఖరి రంగానికి దాచుకున్నది కాబోలు,
మూరలు మూరలు వస్తూనే ఉంది.
పిల్లలు అందుకుని పరిగెత్తారు,
ఆడవాళ్ల తలల మీంచి, మరమరాల బండి మీంచి,
నా ఏనుగు తొండం కిందనుంచి.
ఎనిమిదింటికి గేటు వెయ్యాల్సిన వాచ్‌మన్
నోట్లో ఈల పెట్టుకునే ఉన్నాడు.
చెరువు అతని భుజం దాకా వచ్చింది.
అతను ఊదలేదు.

ఇంట్లో అడుగు పెడుతుంటే మా ఆవిడ,
"ఎన్ని రౌండ్లు?"
"యాభై ఎనిమిది."
నా చొక్కా కేసి చూసింది.
"చుక్క చెమట లేదు."
"బాగా చూడు," అన్నాను,
"నిలువెల్లా తడిసిపోయేను."