పస లేదని రాసే ముందు

పదకొండు వందల నలభై పేజీలు.
కోర్టు నాకిచ్చేది గంపగుత్త ఫీజు,
చదివినా అంతే, చదవకున్నా అంతే.

నెబ్రాస్కాలో నవంబరు. కిటికీ అవతల
గోధుమ గిడ్డంగి, కదలని గూడ్సు బండి, మురికి మంచు.
లైల్ వోపట్, ముప్పై నాలుగేళ్ళు,
పశువుల దాణా దుకాణం తాళం పగలగొట్టాడు,
అడ్డొచ్చిన ముసలాయన మోచెయ్యి విరగ్గొట్టాడు.
కెమెరా చూసింది. పోలీసుల దగ్గర తనే ఒప్పుకున్నాడు, రెండుసార్లు.
అతను నన్ను ఎంచుకోలేదు, నేను అతన్నీ ఎంచుకోలేదు.
లిస్టులో తర్వాతి పేరు నాది.

పస లేదనిపిస్తే లేదని రాయొచ్చు,
వకాల్తా దించుకుంటానని అడగొచ్చు.
కానీ ముందు రికార్డంతా చెరగాలి,
తాలులో ఒక్క గింజ మెరిసినా ఏరి చూపాలి,
ఒక కాపీ అతనికి పంపి
నీ మాట నువ్వే చెప్పుకోవచ్చని చెప్పాలి.
ప్రాసిక్యూటరు పనిలో సగం నేనే చేసిపెట్టి
కింద ‘అప్పీలుదారు తరఫున’ అని సంతకం చెయ్యాలి.

నాలుగు వందల పన్నెండో పేజీలో జడ్జి హీటరు పెంచమన్నారు.
ఆరు వందల యాభై ఐదులో జ్యూరీలో ఒకామె దగ్గుబిళ్ళ అడిగింది.
తొమ్మిది వందల మూడు:
‘గ్యాలరీలో గుర్తు తెలియని గొంతు.’
ఏమందో స్టెనోగ్రాఫర్ రాయలేదు.
అక్కడ కాసేపు ఆగాను.
చట్టంలో ఆ గొంతుకి చోటు లేదు.

లైల్ ఉత్తరాలు పెన్సిల్‌తో వస్తాయి.
మూడింటిలోనూ ఒకటే ప్రశ్న:
‘మేడమ్, అంతా చదివారా?’

ఈ మధ్యాహ్నం కవరు అంటించాను.
చదివానని అతనికి రాయబోతూ
ఎందుకో శిక్ష ఉత్తర్వు మళ్ళీ తీశాను.
‘ఇదివరకు జైల్లో గడిపిన నూట ఇరవై ఏడు రోజులు మినహాయించవలెను.’
జడ్జి, గుమాస్తా, నేను, అందరం దాటేసిన లైను.
డిసెంబరు తొమ్మిది నించి ఏప్రిల్ పద్నాలుగు దాకా.
పిడికిలి బిగించి మెటికల మీద నెలలు లెక్కపెట్టాను,
స్కూల్లో నేర్పినట్టు.
మెటికకీ మెటికకీ మధ్య పల్లంలో ఫిబ్రవరి.

ఆ ఏడు లీపు సంవత్సరం.

నూట ఇరవై ఎనిమిది.

తొమ్మిదేళ్ళలో ఒక్క రోజు.
ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన కూడా అతను నిద్ర లేచాడు కదా,
చల్లారిన ఓట్స్ తిన్నాడు,
రాత్రి తలుపు మామూలుగానే పడింది.
లెక్కలోకి రాని రోజుని కూడా
గంట గంటా గడపాల్సిందే.

ఐదింటి టపా వెళ్ళిపోయింది.
కవరు చించొచ్చు, డ్రాయర్లో ఇంకా బోలెడున్నాయి.
అయినా కెటిల్ ఆవిరి మీద పట్టుకుని
జిగురు వదిలేదాకా
నిలబడే ఉన్నాను.