ముప్పావు లీటరు

సోమవారం పలాస, గురువారం పలాస.
మధ్యలో దొరికిన ఈ మంగళవారం
మా మరిది ఢిల్లేశు బండి వెనక కూర్చుని
మందస దాటి కొండెక్కుతున్నాను.

కింద ఉద్దానంలో ఉప్పగాలి ఒంటికి అంటుకుపోతుంది.
ఇక్కడ ఎండ ఎండే, కానీ దాని వెనకాల
ఎవరో విసనకర్ర పట్టుకుని నిలబడ్డట్టుంటుంది.

రెండో మలుపులో మొదటి నర్సరీ.
పనస అంట్లు, జీడి మొక్కలు, లారీ దిగిన కడియం గులాబీలు.
"నీళ్లు రోజుకి రెండుపూట్లా" అన్నాడు కుర్రాడు.
రెండుపూట్లా!
అంత అదృష్టమున్న మొక్కని ఇంట్లో పెట్టుకుని
రోజూ దాని మొహం ఎలా చూడను?
బండి పోనియ్యమన్నాను.

పైన సవర లక్కాయి తోట. గేటు లేదు.
రేకు మీద సున్నంతో "ముళ్లు ఉన్నవి" అని రాసుంది.
హెచ్చరికో, సరుకు పట్టికో తెలీలేదు.

నాగజెముడు నాకు తెలుసు.
గట్టు మీద మేకలకి అడ్డంగా మా అయ్య నాటేవాడు.
పళ్లు తిని ఎర్ర నాలుకతో దొరికిపోయి తన్నులు తినేదాన్ని.
దాన్నిక్కడ తెల్ల గులకరాళ్లు పోసి కుండీలో కూర్చోబెట్టారు.
కొత్తగా ఉద్యోగమొచ్చిన చుట్టంలా
పలకరించాలా వద్దా అన్నట్టు చూసింది.
దాని పక్కన బొంతజెముడు. ఆ పక్కన
ఈకలు పీకిన కోడిమెడ లాంటిదొకటి,
ఎలకతోకలు గుత్తిగా వేలాడేదొకటి.

"దీనికి నీళ్లు?"
లక్కాయి టీ గళాసు చూపించింది.
"పది రోజులకి ఇది. ముళ్లు చూసి మొండిదనుకుంటారు గాని
జాలి పడితే సచ్చిపోతాది."

సంచిలోంచి నా సీసా తీశాను,
నల్ల గీత గీసిన సీసా.
"నాకు రోజుకి ఇక్కడిదాకా. మాత్రలకీ ఇందులోవే."
వేరు చూసినట్టు దాన్ని ఎండలోకి ఎత్తి చూసింది.
ఏమీ అనలేదు.
ఢిల్లేశు అటు తిరిగి బండి టైరు తన్నుకుంటున్నాడు.

ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు నావి.
సొన తిన్న వేళ్లకి ముల్లు దిగినా తెలీదు.
ఎడమ మోచెయ్యి దగ్గర మాత్రం, నరాలు కలిపి కుట్టినచోట,
పగలూ రాత్రీ తుమ్మెద రొద.
లక్కాయి మనవరాలు అక్కడ చెవి పెట్టి వింది.
"లోపల బస్సుంది" అంది.

చివరి బల్ల మీద
పచ్చ కాడ నెత్తిన ఎర్రటి బంతి.
"ఎర్రదానికి తిండి చేసుకోడం రాదు.
దీని మెడ కోసి, దాని పీట కోసి,
నడిమి సుక్కకి నడిమి సుక్క కలిపి
రబ్బరు బ్యాండు ఏస్తాం."
పరీక్షలో, అన్నాను.
విశాఖపట్నంలో మా చెల్లి రక్తం నాలుగుసార్లు తీసి
కలవదన్నారు. ఒక్క కడుపున పుట్టినవాళ్లం.
"అన్నీ అంటవమ్మా. అంటనివి అదుగో."

పందిరి వెనక పోగు.
అందులో ఒకటి, ఎర్ర తల రాలిపోయిన మోడు,
పక్కనుంచి రెండు పిలకలు వేసింది.
"అదెంత?"
"అమ్మకానికి కాదు. పట్టుకుపో."

పాత పేపర్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.
గుంట వచ్చినప్పుడల్లా చీర దాటి ముల్లు తగిలేది.
మందసలో ఢిల్లేశు కోవా కొని
చిన్న ముక్క నా చేతిలో పెట్టి, అక్కకి చెప్పొద్దన్నాడు.

సీసాలో ఇంకా రెండు వేళ్ల నీళ్లున్నాయి.
ఈ రోజుకి పదో రోజు శుక్రవారం.
శుక్రవారం నాకు పలాస లేదు.